నల్ల తోరణాల గుహ

పన్నెండో రోజు పొద్దున్న తవిటినాయుడు తన బుల్లెట్టును ఒక్క తన్ను తన్నాడు. స్టార్టు చెయ్యడానికి కాదు, కోపం పట్టలేక. బండి ఉలకలేదు, పలకలేదు. ఆయన కాలి బొటనవేలు మాత్రం బూటులోనే వాచింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున గాలి చాలక మనిషికే ఊపిరాడదు, మోటారుసైకిలు మాత్రం ఏం చేస్తుంది పాపం!

చుట్టూ చెట్టు లేదు, చేమ లేదు. అన్నీ బూడిదరంగు కొండలు, వాటి నెత్తిన మంచు. దేశానికి ఉత్తరపు కొసన, ఆ కొండల మధ్య షర్లింగ్ అనే లోయ, లోయ నడుమ ఒక ఏరు. బొబ్బిలిలో ఫొటో స్టూడియో పెట్టుకుని బతికే తవిటినాయుడు నలభై నాలుగేళ్ళ వయసులో, ఇంటిల్లిపాదీ వద్దంటున్నా వినకుండా, మెడలో కెమెరా వేసుకుని ఒక్కడే అక్కడిదాకా వచ్చాడు. వచ్చింది నిధి కోసమే. బంగారం కాదు, వజ్రాలు కాదు. ఒక రేకు బిస్కట్ల డబ్బా, అందులో పన్నెండు ఫిల్ము రీళ్ళు.

ఆ రీళ్ళు ఆయన గురువు సోమలింగాచారివి. ఇరవై నాలుగేళ్ళ కిందట ఆచారి గుర్రాలవాళ్ళ వెంట నడిచి ఈ లోయకి వచ్చాడు. ఇక్కడ ఒక గుహలో, గోడనిండా ఎవరో ఏనాడో వేసిన బొమ్మలు కనిపించాయట. ఒక ఊరు ఊరంతా పిల్లాజెల్లా, మేకలతో సహా కొండ దిగి వలసపోతున్నట్టు, ఒక కుర్రాడు ముసలివాణ్ణి వీపున మోస్తున్నట్టు. ఆచారి పన్నెండు రీళ్ళు ఖర్చుచేసి ఆ గోడను అంగుళం అంగుళం తీశాడు. అంతలో మంచు విరుచుకుపడింది. ఒళ్ళు తెలియని జ్వరంతో పడి ఉన్న మనిషిని గుర్రాలవాళ్ళు గుర్రంమీద వేసుకుని కిందికి తెచ్చారు. డబ్బా గుహలోనే ఉండిపోయింది. మంచు కొరికి ఆయన కాలివేళ్ళు నాలుగు పోయాయి. మిగిలింది కెమెరాలో ఉన్న ఒకే ఒక్క ఫొటో: లోయలో ఏరు, ఏటి గట్టున రాళ్ళ గోడ, గోడ పక్కన నడిచిపోతున్న ఒక ఆడమనిషి, పైన కొండలో నల్లగా గుహ నోరు. శిఖరాలన్నీ మబ్బులో మునిగి ఉన్నాయి.

ఆ ఫొటో ఒక వారపత్రికలో అచ్చయింది. అందరూ ఆహా అన్నారు. పత్రికవాళ్ళు తమ మనిషిని పంపించారు. అతను ఫొటో పట్టుకుని ఈ లోయలో నెల్లాళ్ళు తిరిగి, గుహా లేదు గాడిదగుడ్డూ లేదని తేల్చి, ‘బొబ్బిలి ఫొటోగ్రాఫరు కట్టుకథ’ అని రాశాడు. ఫొటోతోపాటు పంపిన నెగెటివు ఇమ్మని ఆచారి అడిగితే అది తిరిగి రాలేదు. ఆనాటినుంచి ఊళ్ళో ఆచారి పేరు చెబితే జనం మీసాలచాటున నవ్వేవారు. ఆయన మళ్ళీ పాస్‌పోర్టు సైజు దాటి ఏ ఫొటో తియ్యలేదు.

ఇప్పుడు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. నెల గడవడం కష్టమన్నాడు డాక్టరు. “నాను అబద్ధాలకోరుగా పోతన్నాన్రా తవుడూ” అని మంచంలో ఆయన అన్న మాట శిష్యుడి గుండెలో ముల్లులా దిగింది. చల్లటి చోట ఫిల్ము చెడదు. ఆ డబ్బా దొరికితే, రీళ్ళు మందునీళ్ళలో కడిగి, కాయితం మీద ఫొటోలు వేసి ఆయన కళ్ళముందు పెట్టాలి. ఆ మీద ఆయన కన్ను మూసినా ఫరవాలేదు. దీనికోసమే ఈ పాట్లన్నీ.

కానీ గుహ ఏదీ? ఫొటోలో గుహ ఏటికి ఎడమగట్టున ఉంది. పదకొండు రోజులు ఎడమగట్టు కొండల్ని తవిటినాయుడు గోళ్ళతో గీకినంత పని చేశాడు. అక్కడా రాళ్ళ గోడలున్నాయి, కన్నాలున్నాయి. ఒక్కటీ గుహ కాదు. ఆచారికా, జ్వరంలో ఏ గట్టున పడ్డాడో గుర్తులేదు. “పొటోలో ఉన్నదే నిజం” అన్నాడు. చేతిలో మరి మూడు రోజులకి సరిపడా అటుకులు, అరట్యాంకు పెట్రోలు. తవిటినాయుడికి మొదటిసారి ఆ ఆలోచన వచ్చింది. ఒకవేళ మాస్టారు నిజంగానే అబద్ధం ఆడాడా? ఛీఛీ అనుకుని తన్నిన తన్నే ఇందాకటిది.

“బండి ఏం చేసింది? దాన్నెందుకు కొడతావు?”

వెనక్కి తిరిగి చూస్తే పల్మో. ఆ లోయలో ఉన్న ఏడిళ్ళలో ఒకటి ఆమెది. నలభై దాటిన మనిషి, ముఖం ఎండకి కమిలి రాగిచెంబులా ఉంటుంది. గొర్రెల్ని తోలుకుంటూ రోజూ అటే పోతుంది. ఆమెకొచ్చిన హిందీ, ఈయనకొచ్చిన హిందీ రెండూ కుంటివే కాబట్టి మాటలు బాగానే కుదిరాయి.

“అమ్మా, నా పని అయిపోయింది. రేపు వెళ్ళిపోతాను” అన్నాడు తవిటినాయుడు. 

“ఇన్నాళ్ళూ దేనికోసం తిరిగావో చెప్పనే లేదు. కొండలు వెతికే పరాయివాళ్ళతో మా వాళ్ళు ఎప్పుడూ మాట్లాడరు, నిధి వేటగాడివని నీతోనూ మాట్లాడొద్దన్నారు.”

ఇక దాచేదేముంది? తెలిస్తే ఎవరైనా డబ్బాను ముందే పట్టుకుపోతారని ఇన్నాళ్ళూ దాచిన ఫొటోను కోటు లోపలినుంచి తీసి ఇచ్చాడు. పల్మో చూసింది. కళ్ళు చిట్లించి మళ్ళీ చూసింది. కిసుక్కున నవ్వింది.

“ఈవిడెవరు? మా మనిషి కాదు. బుద్ధున్నవాళ్ళెవరైనా ఇలా నడుస్తారా?”

“ఎలా నడిచింది?”

“అది మంత్రాల గోడ. రాయి రాయికీ మంత్రం చెక్కి ఉంటుంది. దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి. ఈవిడ ఎడమచేతి వైపు పెట్టుకుని పోతోంది. జపచక్రం కూడా చూడు, ఎడమచేత్తో తిప్పుతోంది! ఇలా తిరిగితే ఉన్న పుణ్యం కూడా ఊడిపోతుంది.”

తవిటినాయుడు నోరు తెరిచాడు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే జాతిలో పుట్టినవాడు, ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఫొటో చూస్తున్నవాడు, ఆ మనిషి అప్రదక్షిణంగా పోతోందని ఒక్కసారైనా పోల్చుకోలేదు. గబుక్కున ఫొటో లాక్కుని, వెనక్కి తిప్పి, సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాడు. పలచటి కాయితంలోంచి వెలుగు దూరి బొమ్మ వెనకవైపునుంచి కనిపించింది. ఎడమ కుడి అయింది. గుహ కుడిగట్టుకు పోయింది.

“ఓయమ్మో!” పల్మో అరిచింది. “మా అత్త! ఇది మా అత్త నడక! ఆ పైనున్నది నల్ల తోరణాల గుహ! అదిగో, ఆ అవతలి గట్టున, ఎర్ర కొండ వెనకాల!”

ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి ఉన్నచోటే రాయిమీద కూలబడ్డాడు. ఎందుకంటే నెగెటివునుంచి ఆ ఫొటోను కాయితం మీద వేసింది తనే.

ఆచారి కొండల్లోంచి వచ్చినప్పుడు చేతివేళ్ళు కూడా కమిలిపోయి కట్లలో ఉన్నాయి. చీకటిగదిలోకి పంపింది ఇరవయ్యేళ్ళ శిష్యుణ్ణి. నెగెటివుకు రెండు వైపులుంటాయి. ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు. మెరవని వైపు కాయితానికేసి ఉండాలి. చీకట్లో అనుమానమొస్తే అంచును తడి పెదవికి ఆనించి చూడాలి. మెరవని వైపైతే పెదవికి అంటుకుంటుంది. ఇది మొదటి రోజు నేర్పే పాఠం. ఆ సాయంత్రం టపా బస్సు పోతోంది, పత్రికకి వెంటనే పంపాలి. “పెదివికి ఆనించి సూసినావేట్రా?” అని తలుపు బయటినుంచి గురువు అడిగాడు. “సూసినాను మాస్టారూ” అన్నాడు శిష్యుడు. చూడలేదు. తనకి అంతా తెలుసని వాడి పొగరు.

“మాస్టార్ని అబద్ధాలకోరును సేసింది నాను!” తవిటినాయుడు రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. తెలుగు రాని పల్మో బిత్తరపోయి చూసింది.

కాసేపటికి ఆయన లేచాడు. చేసిన పాపం చేశాం, కనీసం డబ్బా అన్నా తెద్దాం అనుకున్నాడు. పదిసార్లు తన్నాక ఎలాగో స్టార్టయిన బండిని ఏటికేసి తిప్పాడు. పల్మో వెనకాలే కేక వేసింది. “ఫొటోవాలా! ఎండ నెత్తిమీదికి వచ్చేలోగా తిరిగిరా! మా ఏరు మధ్యాహ్నం లేస్తుంది!”

ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. మన నాగావళి, వంశధార వానకి పొంగుతాయి. వాన లేనిదే ఏరు ఎలా లేస్తుంది? పిచ్చిమాలోకం అనుకున్నాడు తవిటినాయుడు. డబ్బా తెచ్చి కట్టుకోవడానికి వీలుగా ఉంటుందని బండిని గట్టు దింపి, ఏటి మధ్య ఇసుకతిన్నె మీద నిలబెట్టాడు. మోకాలిలోతు నీళ్ళు దాటి కుడిగట్టు ఎక్కాడు. ఆ నీళ్ళ చలికి కాళ్ళు కోసినట్టయింది.

ఎర్రకొండ ఎక్కడం మాటలు కాదు. కాలు పెడితే రాళ్ళు గలగలా జారుతున్నాయి. పది అడుగులు వెయ్యడం, కుక్కలా ఒగర్చడం, మళ్ళీ పది అడుగులు. ఒకచోట పట్టుకున్న రాయి ఊడి చేతికొచ్చింది, మనిషి రెండు నిలువులు జారి, కెమెరాని గుండెకి హత్తుకుని, భుజం దోక్కుపోయి ఆగాడు. “ఓరి దేవుడో!” అని అరిచాడు గానీ వెనక్కి తిరగలేదు. తిరిగి ఏ ముఖంతో బొబ్బిలి పోతాడు? రెండు గంటలకి కొండ మలుపు తిరిగాడు. గుహ నోరు తెరుచుకుని ఎదురుగా ఉంది.

నోటికి అడ్డంగా నల్లటి తోరణాలు వేలాడుతున్నాయి. సన్నగా, పొడుగ్గా, రెండంచులా వరసగా చిల్లులతో గాలికి గలగలమంటున్నాయి.

ఫొటోగ్రాఫరుకి రెండోసారి చూడక్కర్లేదు. అవి ఫిల్ములు. పన్నెండు రీళ్ళకి పన్నెండు రీళ్ళూ డబ్బాలోంచి తీసి, పొడుగ్గా లాగి, ఎండలో కట్టేశారు. కడగని ఫిల్ము ఒక్క రెప్పపాటు వెలుగు చూస్తే చచ్చిపోతుంది. ఇవి ఇరవై నాలుగేళ్ళుగా సూర్యుణ్ణి చూస్తున్నాయి.

“సంపేసినార్రా! ఎవర్రా మీరు? సంపేసినారు!” కొండ దద్దరిల్లేలా అరిచాడు. కసిగా ఒక తోరణం పట్టి లాగాడు. అది పుటుక్కున తెగి, చేతిలో ఎండుటాకులా ముక్కలైంది. ఆ ముక్కలు పట్టుకునే గుహ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినా కొంత నయం. ఇక్కడ ఎలుక కూడా లేదు.

ఏడ్చి ఏడ్చి తల ఎత్తితే లోపల గోడ కనిపించింది. బొమ్మలున్నాయి! ఊరు ఊరంతా కొండ దిగుతోంది. మేకలు, చంకన బిడ్డలు, నెత్తిన మూటలు. కుర్రాడి వీపున ముసలివాడు నవ్వుతున్నాడు కూడా. గురువు చెప్పినదాంట్లో పొల్లు లేదు.

తవిటినాయుడు కళ్ళు తుడుచుకుని కెమెరా తీశాడు. అందులో ఉన్నది ఒక్కటే రీలు, ముప్పై ఆరు ఫొటోలు. లోపల వెలుగు చాలదు. పెళ్ళిళ్ళలో చేసే ఉపాయమే చేశాడు. తెల్ల తువ్వాలు తీసి రాళ్ళమధ్య పరిచి కట్టి, ఎండ దానిమీద పడి గోడకి కొట్టేలా చేశాడు. ఎండ జరిగినప్పుడల్లా తువ్వాలు జరిపాడు. ఊపిరి బిగబట్టి ఒక్కో ఫొటో తీశాడు. ముప్పై ఆరోది తీసేసరికి సూర్యుడు నెత్తి దాటి చాలాసేపయింది. మిగిలిన తోరణాల్ని ముట్టుకోలేదు. ఎవరో వాటికి ఉన్ని పోగులు, ఒక చంటిబిడ్డ గాజు ముడివేసి ఉంచారు. అది మొక్కుబడని ఆయనకి అప్పటికి తెలిసివచ్చింది.

సగం కొండ దిగేసరికి హోరు వినిపించింది.

కింద ఏరు ఏరులా లేదు. ఎండకి కొండల మీది మంచంతా కరిగి, బూడిదరంగు నీళ్ళు గట్లు ఒరుసుకుంటూ దూకుతున్నాయి. రాళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దొర్లుతున్నాయి. ఇసుకతిన్నె మాయమైంది. బుల్లెట్టు హ్యాండిలు మాత్రం నీళ్ళపైన కనిపిస్తోంది. తవిటినాయుడు చూస్తుండగానే అదీ ఒక పక్కకి ఒరిగి, ఒక్క మునక వేసి పోయింది. వాన ఊసే లేకుండా ఏరు పొంగింది!

“ఫొటోవాలా! అక్కడ దిగకు!” అవతలి గట్టున పల్మో చేతులు ఊపుతూ అరుస్తోంది. “పైకి పో! పైకి! ఆ రెండు బండల మధ్యకి!”

ఆయన రాళ్ళమీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. బండల దగ్గర ఏరు ఇరుకు. పల్మో జడలబర్రె వెంట్రుకల తాడు చుట్టచుట్టి విసిరింది. మొదటిసారి అందలేదు. రెండోసారి అందింది.

“నడుముకి కట్టుకో! రాత్రంతా అక్కడుంటే చలికి బిగుసుకుపోతావు! దూకు!”

కెమెరా సంచీని నెత్తిన పెట్టుకుని ఒక చేత్తో పట్టుకున్నాడు. దిగాడు. నడుములోతు, రొమ్ములోతు. మధ్యలో ఏదో బండరాయి వచ్చి మోకాలికి కొట్టింది. కాళ్ళు తేలిపోయాయి. నీళ్ళు నెత్తిమీంచి పోయాయి. “సంచీ ఒదిలెయ్!” అన్న పల్మో కేక ఎక్కడో దూరంగా వినబడింది. వదిలితే రెండో చెయ్యి ఖాళీ అవుతుంది, తాడు పట్టుకోవచ్చు. ఆయన వదల్లేదు. పల్మో తాడును రాతికి మెలివేసి, వెనక్కి వాలి, గొర్రెను లాగినట్టు లాగింది. అరచేతులు చిట్లి నెత్తురు కారుతున్నా లాగింది. చివరికి మనిషి, సంచీ కలిసి గట్టునపడ్డారు.

ఆ సాయంత్రం పిడకల మంట దగ్గర గొంగడి కప్పుకుని వణుకుతూ తవిటినాయుడు సంచీ విప్పాడు. కెమెరాలోంచి నీళ్ళు కారాయి. తడిసిన ఫిల్ము ఆరితే పొరలు అంటుకుని నాశనమవుతుంది. తడిగానే ఉంచాలి, కడిగేదాకా. రీలును వెలుగు తగలకుండా కెమెరాలోనే దాని గొట్టంలోకి చుట్టబెట్టి, పల్మో ఇచ్చిన మూత డబ్బాలో ఆ ఏటి నీళ్ళే పోసి, అందులో ముంచి మూత బిగించాడు. అందులో బొమ్మలు బతికున్నాయో లేదో కడిగితే గాని తెలీదు.

“ఆ తోరణాలు ఎవరు కట్టారమ్మా?” అని అడిగాడు.

“మా మామ. అప్పట్లో ఇక్కడ జబ్బుపడ్డ ఒక పరాయి మనిషిని గుర్రంమీద కిందికి దింపిందీ ఆయనే. తిరిగొచ్చి చూస్తే గుహలో డబ్బా. విప్పితే పన్నెండు నల్ల తోరణాలు, మేం మొక్కుకుని కొండలకి కట్టే గుడ్డ తోరణాల్లాంటివి. ఆ మనిషి మొక్కుకోడానికి తెచ్చుకున్నాడు కాబోలు, కట్టకుండానే జబ్బు పడ్డాడు, మనమన్నా కడదాం అన్నాడు. ఆయన బతకాలని ఊరంతా వెళ్ళి కట్టాం. బతికాడా?”

తవిటినాయుడు మంటలోకి ఒక పిడక తోశాడు. “బతికాడమ్మా” అన్నాడు.

రెండు రోజులు నడిచి, గురువారం మధ్యాహ్నానికి ఫోను ఉన్న ఊరు చేరాడు. ఫోను ఎత్తింది ఆచారి కూతురు మాణిక్యం. ఫోనును మంచం దగ్గరికి పట్టుకుపోయింది.

“ఏట్రా తవుడూ, బతికే ఉన్నావేటి? దొరికిందేట్రా?” గొంతు పీలగా వచ్చింది.

“గుహ దొరికింది మాస్టారూ. బొమ్మలున్నాయి. ముసిలోణ్ణి మోసుకెల్తన్న కుర్రోడు కూడా ఉన్నాడు.”

అవతల వెక్కిళ్ళు వినబడ్డాయి. “ఇన్నావే మాణిక్యం, ఉన్నాయంట! నాను అబద్ధం ఆడనేదే!” కాసేపు దగ్గు. “మరి రీళ్ళురా?”

“పోనాయి మాస్టారూ. ఎలుగు సూసేసినాయి. ఆళ్ళు మీరు బతకాలని గుహకి తోరణాలు కట్టేసినారు.”

“బతకాలనా?” ఆచారి నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. “మంచోళ్ళురా. పోనీ. ఒకటి సెప్పు. ఆ పత్రికోడు నెల్లాళ్ళు తిరిగినాడు కదా. మరి ఆడికెందుకు కనపడనేదురా? ఆడికి కళ్ళు నేవా?”

ఇక్కడ ఒక్క మాట చాలు, ‘ఆడి కర్మ మాస్టారూ’ అంటే సరిపోయేది. నిజం తెలిసింది ఈ లోకంలో ఇద్దరికి, అందులో ఒకరికి తెలుగు రాదు. గురువు హాయిగా పోయేవాడు. శిష్యుడు ఊళ్ళో పెద్దమనిషయ్యేవాడు. తవిటినాయుడు ఫోను తీగను వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

“ఆడికి కళ్ళున్నాయి మాస్టారూ. పొటోయే తిరగబడింది. ఆవేళ నెగెటివు నాను తిరగేసి ఎట్టినాను. పెదివికి ఆనించి సూడనేదు. సూసినానని మీకు అబద్ధం ఆడినాను. మీ పేరు సెడగొట్టింది ఆడు కాదు మాస్టారూ, నాను.”

 అవతల ఊపిరి ఈల వేస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత అదీ దూరమైంది.

“తవుడన్నా,” మాణిక్యం గొంతు కంగారుగా వచ్చింది. “నాన్న ఫోను ఒగ్గేసినాడు. గోడేపు తిరిగిపోనాడు. పిలిస్తే పలకడు. ఏటి సెప్పినావన్నా ఆయనకి?”

 ఆ గదీ, ఆ గోడా తవిటినాయుడికి కళ్ళకి కట్టినట్టు కనిపించాయి. ఎందుకు చెప్పానురా దేవుడా అని ఫోనును నుదుటికేసి కొట్టుకున్నాడు.

“ఉండన్నా, ఏదో అంటన్నాడు.” మళ్ళీ చాలాసేపటికి గాని ఆమె గొంతు రాలేదు. “‘ఆ ఎదవ మళ్ళీ ఏమైనా తీసినాడేటో అడుగు’ అంటన్నాడు.”

“ఒక్క రీలమ్మా. నీటిలో తడిసింది. ఒస్తాదో రాదో తెల్దు.”

ఆమె అటు చెప్పింది. ఇటు చెప్పింది. “‘అయితే రమ్మను. ఈసారి నా కళ్ళముందల ఎయ్యమను’ అంటన్నాడన్నా.” ఆమె గొంతు తగ్గించింది. “డాక్టరు ఆదివారం దాటదంటన్నాడు. నువ్వెప్పటికొస్తావు?”

లారీ దొరికితే మైదానానికి రెండు రోజులు. అక్కణ్ణించి రైల్లో రెండు రోజులు. తవిటినాయుడు లెక్క వేసి, ఆ లెక్క పైకి చెప్పలేదు.

“ఒస్తన్నానని సెప్పమ్మా” అన్నాడు.

ఫోను పెట్టేసి, నీళ్ళు తొణక్కుండా డబ్బాని రెండు చేతులా పట్టుకుని, లారీ ఆపడానికి రోడ్డు మధ్యకి పోయి నిలబడ్డాడు.